మూడో పాటలో ఈల

మార్చి 4, బుధవారం

అక్కకి,

నిన్న ఉదయం పదకొండు గంటల ఇరవై నిమిషాలకు ఆల్బమ్ పూర్తయింది. తొమ్మిది పాటలు, నలభై ఒక్క నిమిషాలు. చివరి టేపు డబ్బా మీద "ఇక ఏ మార్పూ లేదు" అని రాసి సంతకం పెట్టాను. ఈ నెల ఇరవై ఏడు, శుక్రవారం, మధ్యాహ్నం రెండింటికి రికార్డులు కోసే కంపెనీలో సూదితో గాళ్ళు కోసి దాన్ని డిస్కు మీదికి ఎక్కిస్తారు. ఒకసారి కోశాక దిద్దడం ఉండదు.

సంతోషంగా ఉందా అని అడుగుతావు. అలసటగా ఉంది. సంతకం అయ్యాక దర్జీ బల్ల మీద తల వాల్చి నిద్రపోయాడు. టీచర్ సంచీలోంచి పరీక్ష పేపర్లు తీసి దిద్దుకుంది. నేను టీ కప్పులు కడిగాను. పదకొండేళ్ళ బృందానికి మొదటి ఆల్బమ్ ముగిసిన రోజు ఇలా గడిచింది.

నువ్వు వాళ్ళిద్దరినీ ఒక్కసారే చూశావు. టీచర్ హైస్కూల్లో లెక్కలు చెబుతుంది, మాకు డ్రమ్స్ వాయిస్తుంది. పాడేది దర్జీ. ఆయన కుట్టు దుకాణం మీది గదే మా స్టూడియో. గోడలకి, తలుపుకి, ఆఖరికి కిటికీకి కూడా కోట్ల లోపల వేసే మెత్తలు మేకులతో కొట్టాడు. గిటారు నాది, పాటలన్నీ కలిపి చివరి రూపానికి తెచ్చే మిక్సింగ్ కూడా నాదే.

మూడేళ్ళ కిందట ఒక ఆల్బమ్ సగంలో ఆగిపోయింది. ప్రతిదానికీ "ఇదెందుకు, అదెందుకు" అని ముగ్గురం కొట్టుకోవడం వల్ల. అందుకని ఈసారి దర్జీ బట్టల మీద గీసే సుద్దతో గోడ మీద ఒక నియమం రాశాడు: "ఎందుకని అడగకూడదు." ఎవరి పని వాళ్ళది. నేను డ్రమ్స్ గురించి నోరెత్తను, వాళ్ళు మిక్సింగ్ గురించి ఎత్తరు. తొమ్మిది నెలలు ఎవరూ ఎవరినీ అడగలేదు. అందుకే పూర్తయింది.

క్యాసెట్ పంపుతున్నాను. మొదటి పాటలో డ్రమ్ బదులు కుట్టు మిషన్ ఉంటుంది. మూడోది ఏడు నిమిషాలు. గిటార్ని ఆంప్లిఫయర్‌కి ఆనించి వదిలేశాం, దానంతట అదే మోగుతుంది, దాని మీద దర్జీ పాడాడు. ఐదో పాటలో ఆయన ఈల కూడా వేశాడు. ఆల్బమ్‌కి పేరు ఇంకా కుదరలేదు. ఓట్లు మూడే, పేర్లు మాత్రం నాలుగున్నాయి.

విని, నీకేమనిపించిందో రాయి. ఫోన్ చేయకు, ఇక్కడ ఎప్పుడూ ఏదో ఒకటి మోగుతూనే ఉంటుంది.

కప్పులు కడిగినవాడు,
తమ్ముడు

*

మార్చి 9, సోమవారం

చిన్నా,

క్యాసెట్ శనివారం అందింది. ఆదివారం మధ్యాహ్నం అన్నం తిన్నాక విన్నాం. బావ పూర్తిగా మేలుకునే విన్నారు, ఇది మెచ్చుకోలే అనుకో. కుట్టు మిషన్ పాట ఆయనకి నచ్చింది. "పాత ఇంజిను మెల్లగా ఎత్తెక్కుతున్నట్టుంది" అన్నారు. బస్సు నడిపే మనిషి అంతకన్నా గొప్ప మాట అనలేడు.

మూడో పాట మొదలైన కాసేపటికి కుక్క లేచి బయటికి పోయింది. పిలిచినా రాలేదు. పాట అయ్యాక తొంగి చూసి, నాలుగోది మొదలయ్యాక వచ్చి పడుకుంది. నాకూ ఆ పాటలో చెవులు కొంచెం నొప్పెట్టాయి. ఆ ఈల అంతసేపు ఎందుకు పెట్టావు? అడగకూడదని నీ నియమం, కానీ గోడ మీది రాత మీ ముగ్గురికేగా. అలాంటి సంగీతం నాకు తెలియదు, తెలియక అడుగుతున్నాను.

నా పని సంగతి కొత్తగా చెప్పడానికేముంది. ఆస్పత్రి బేస్‌మెంట్, అదే ఆరో నంబరు గది. రోజుకి ఇరవై రెండు మంది. చెవులకి హెడ్‌ఫోన్స్ పెట్టడం, సన్నగా కూత పంపడం, వినిపిస్తే బటన్ నొక్కమనడం. మొన్న ఒక పెద్దాయన్ని భార్య లాక్కొచ్చింది. "ఏం చెప్పినా వినడమ్మా" అంది. ఆయన తాపీగా, "వినపడుతుందమ్మా, వినబుద్ధి కాదు" అన్నాడు. గదంతా నవ్వు. పరీక్ష చేస్తే ఆయనకి నిజంగానే సగం వినపడదు. ముప్పై ఏళ్ళుగా ఆవిడ అది పొగరనుకుంటోంది.

ఫోన్ చేయవద్దన్నావు. చేయడం మానేసి రెండేళ్ళవుతోంది, నువ్వు గమనించలేదేమో. ఎందుకు మానేశానో ఇప్పుడు రాయను.

మెడ నొప్పితో,
అక్క

*

మార్చి 12, గురువారం

అక్కా,

తొమ్మిది నెలల పనికి కుక్క లేచిపోయిందన్న సంగతి ఒకటి, చెవులు నొప్పెట్టాయన్న సంగతి ఒకటి. బాగుంది. ఆ కుక్కకి నా తరఫున క్షమాపణ చెప్పు.

ఈల ఐదో పాటలో ఉంది, మూడోదాంట్లో కాదు. క్యాసెట్ మీద నేను వరుస రాశాను, చూసుకోవాల్సింది. దర్జీ వేసిన ఈల అది, ఇరవై సెకన్లు. పెళ్ళాం పిల్లలతో ఊరికెళ్ళాక ఆయన దుకాణంలో ఒక్కడే కూర్చుని వేసుకునే ఈల. దాన్ని అలాగే పట్టుకోవడానికి నాకు రెండు రోజులు పట్టింది. అది నీకు నొప్పెట్టిందంటే నేను చేయగలిగిందేమీ లేదు.

నీకు నచ్చదని నాకు తెలుసు. పదకొండేళ్ళ కిందట "ఇదొక పనా" అన్నదానివి నువ్వే. ఆ మాటే ఇప్పుడు కుక్క మీద పెట్టి చెబుతున్నావు. సూటిగానే చెప్పొచ్చు.

బావకి కుట్టు మిషన్ పాట నచ్చినందుకు చాలా సంతోషం. ఇది నిజంగానే రాస్తున్నాను.

ఇంకో పదిహేను రోజులు,
తమ్ముడు

*

మార్చి 15, ఆదివారం

చిన్నా,

కోపం పక్కన పెట్టి ఈ ఉత్తరం చివరిదాకా చదువు.

ఐదో పాట ఈల నేను విన్నాను. బాగుంది. నేను అడిగింది అది కాదు. మూడో పాటలో ఒక నిమిషం పది సెకన్ల దగ్గర ఒక ఈల మొదలవుతుంది. సన్నగా, పదునుగా, పాట ముగిసేదాకా ఉంటుంది. దర్జీ గొంతు దాని కింద నలిగిపోతోంది. శుక్రవారం భోజనం వేళ క్యాసెట్ ప్లేయర్ని ఆరో నంబరు గదికి తీసుకెళ్ళాను. పరీక్ష మెషీన్ లోంచి ఒక్కొక్క కూతా పంపి పక్కపక్కన పెట్టి విన్నాను. నాలుగు వేల కూత కంటే పైన, ఎనిమిది వేల దానికంటే కింద. ఆరు వేల దగ్గర సరిగ్గా కలిసింది. మా లెక్కలో ఆ అంకెలు సెకనుకి ఎన్నిసార్లు అదురుతుందన్నది. పెద్ద అంకె అయితే సన్న శబ్దం.

తర్వాత ఒక తప్పు చేశాను. నువ్వు వద్దన్నా నిన్న స్టూడియోకి ఫోన్ చేశాను. టీచర్ ఎత్తింది. "మూడో పాటలో ఈల కావాలని పెట్టిందేనా అమ్మా?" అని అడిగాను. "అది ఆయన పెట్టిందేగా అండీ, మేం అడగం" అంది. నువ్వు బయటికెళ్ళావని చెప్పింది.

అందుకని నిన్నే అడుగుతున్నాను. ఆ ఈల నువ్వు పెట్టావా? అసలు నీకు వినపడుతోందా?

ఒక్క మాటలో జవాబు రాసినా చాలు.

అక్క

*

మార్చి 17, మంగళవారం

అక్కా,

టీచర్‌కి ఫోన్ చేయడం దేనికి? మిక్సింగ్ నాది. మూడేళ్ళ కిందట మేం విడిపోబోయింది ఇలాంటి ప్రశ్నల వల్లే. ఇప్పుడు ఆవిడ నావైపు అదోలా చూస్తోంది.

నువ్వు రోజుకి ఇరవై రెండు మంది చెవుల్లోకి చూసే మనిషివి. నీ కళ్ళకి కనిపించే ప్రతివాడూ పేషంటే. నేను కాదు. నా చెవులతోనే నేను బతుకుతున్నాను.

మూడో పాటలో ఈల లేదు.

తమ్ముడు

*

మార్చి 19, గురువారం

అక్కా,

మొన్నటి ఉత్తరం వెనక్కి తీసుకోవడానికి వీలుంటే తీసుకునేవాణ్ని. అది పోస్టులో వేసి వచ్చాక జరిగింది రాస్తున్నాను.

స్టూడియోలో ఒక మీటరుంది. ముప్పై ఒక్క నిలువు లైట్ల వరుసలు. ఎడమ చివర లావు శబ్దాలు, కుడి చివర సన్నవి. ఏది మోగితే ఆ వరుస లేస్తుంది. నేను దాన్ని వాడను. చెవి ఉండగా లైట్లెందుకని దాని మీద టవల్ కప్పి ఉంచాను. నిన్న మధ్యాహ్నం టవల్ తీసి మూడో పాట పెట్టాను.

ఒక నిమిషం పది సెకన్ల దగ్గర కుడివైపు ఒక వరుస లేచింది. కింద "6300" అని ఉంది. మిగతావి పాటతోపాటు ఆడుతున్నాయి. అది మాత్రం కదలలేదు. పాట ముగిసేదాకా అలాగే నిలబడింది. నాకు వినిపిస్తున్నది గిటారు, దర్జీ గొంతు, అంతే. ఆంప్లిఫయర్‌కి ఆనించిన ఆ గిటారులోంచే అది పుట్టి ఉండాలి.

మీటరు పాడైందేమోనని మళ్ళీ వెనక్కి తిప్పి శబ్దం పెంచాను. ఇంకా పెంచాను. మూడోసారి పెంచేసరికి దర్జీ మెడలో టేపుతోనే మెట్లెక్కి పరిగెత్తుకొచ్చాడు.

"ఆపరా బాబూ! కింద కస్టమర్ చెవులు మూసుకుని కూర్చుంది!"

"దేనికి?" అన్నాను.

"దేనికేమిటి? ఆ ఈలకి!"

అప్పుడు కూడా నాకు వినపడలేదు అక్కా. లైటు మాత్రం కనిపిస్తోంది.

సాయంత్రం టీచర్ స్కూలు నుంచి వచ్చాక ఇంకో సంగతి బయటపడింది. పదో తారీఖున రికార్డు కోసే ఆయన ఫోన్ చేశాడట. "మూడో పాటలో ఈల మరీ ఎక్కువగా ఉంది, కోసే సూది వేడెక్కుతుంది, కావాలని పెట్టిందేనా?" అని అడిగాడట. "కావాలనే, అలాగే కోయండి" అని టీచర్ గట్టిగా చెప్పిందట. నాకు చెప్పలేదు. చెబితే అడిగినట్టవుతుందని.

మా పాటలు వినేవాళ్ళే తక్కువ. విన్నవాళ్ళు కూడా, ఏది విచిత్రంగా ఉన్నా అది మా ఉద్దేశమే అనుకుంటారు. మా ఇద్దరు కూడా అలాగే అనుకున్నారు.

వాళ్ళకి నేనింకా ఏమీ చెప్పలేదు. "చూస్తాను" అన్నాను. నువ్వు చెప్పు, ఏమిటిది?

తమ్ముడు

*

మార్చి 20, శుక్రవారం

చిన్నా,

పరీక్ష చేయకుండా చెప్పకూడదు. కానీ నువ్వు అడుగుతున్నావు కాబట్టి ఇరవై ఏళ్ళలో చూసింది రాస్తాను.

మగ్గాల ఫ్యాక్టరీ వాళ్ళు, పిండిమర వాళ్ళు, రాళ్ళు పగలగొట్టేవాళ్ళు వస్తారు. వాళ్ళ వినికిడి గ్రాఫ్ అంతా బాగానే ఉండి, నాలుగు వేలకీ ఆరు వేలకీ మధ్య ఒక గుంట పడుతుంది. ఏళ్ళ తరబడి పెద్ద శబ్దం పక్కన నిలబడితే మొదట పోయేది అక్కడే. పోయిందని వాళ్ళకి తెలియదు. లావు శబ్దాలన్నీ వినపడతాయి కాబట్టి చెవి బాగానే ఉందనుకుంటారు. మాటల్లో స, ష, త లాంటివి పోతాయి. అప్పుడు ఎదుటివాళ్ళు నములుతూ మాట్లాడుతున్నారనిపిస్తుంది. ఫోన్‌లో అయితే ఇంకా కష్టం. పోయింది తిరిగి రాదు. మిగిలింది కాపాడుకోవచ్చు.

స్టేజీ మీద టీచర్ కొట్టే ఇత్తడి పళ్ళేల్లాంటి సింబల్స్ నీకు ఎటువైపు ఉంటాయి? నేను చూసిన ఆ ఒక్కసారి ఎడమవైపున్నాయి, మూరెడు దూరంలో.

ఇప్పుడు నేను రాయనన్న సంగతి రాస్తాను. రెండేళ్ళ కిందట బస్సు ప్రమాదంలో బావ కాలు విరిగింది. నాలుగు నెలలు మంచం మీదున్నారు. ఆస్పత్రి వరండాలోంచి నీకు ఫోన్ చేసి చెప్పాను. ఏడుస్తున్నాను కూడా. నువ్వంతా విని, "మంచిది అక్కా, అలాగే కానివ్వండి, ఉంటాను" అని పెట్టేశావు. ఆ తర్వాత ఫోన్ చేయలేదు. నువ్వూ చేయలేదు. ఉత్తరాలు మాత్రం రాస్తున్నావు, వాటిలో బావ కాలు గురించి ఒక్క ముక్క ఉండదు. గిటారు తప్ప ఇంకేదీ పట్టని మనిషివనుకున్నాను.

"వినపడుతుంది, వినబుద్ధి కాదు" అన్న పెద్దాయన గురించి నవ్వుతూ రాశానే. ఆ భార్య చేసిన తప్పే నేనూ చేశాను. ఆవిడకి తెలియదు. నాకు అదే ఉద్యోగం.

గురువారం ఉదయం తొమ్మిదిన్నరకి నీకు సమయం రాసి పెట్టాను. వస్తావా?

అక్క

*

మార్చి 23, సోమవారం

అక్కా,

బావ కాలు విరిగిందని నాకు ఈ ఉత్తరంలోనే తెలిసింది. ఆ రోజు ఫోన్ గుర్తుంది. నువ్వేదో ఆదరాబాదరాగా చెప్పావు. ఏమీ అర్థం కాలేదు. మళ్ళీ చెప్పమనడానికి సిగ్గేసింది. అప్పటికే అందరినీ రెండేసిసార్లు అడుగుతున్నాను. నువ్వు ఏదో శుభవార్తే చెబుతున్నావనుకున్నాను. బావకి ముఖం ఎలా చూపించాలో తెలియడం లేదు.

సింబల్స్ ఎడమవైపే.

నిన్న మధ్యాహ్నం ఇద్దరికీ చెప్పాను. దుకాణం మూసి, ఎవరూ తీసుకెళ్ళని కోట్ల మధ్య కూర్చున్నాం. దర్జీ మెడలోంచి టేపు తీసి చుట్టాడు. తర్వాత, "ఏడాది నుంచి నేను పిలిస్తే నువ్వు పలకడం లేదురా. పొగరనుకున్నా. ఇంట్లో కూడా తిట్టుకున్నా" అన్నాడు. టీచర్ ముఖం పాలిపోయింది. తన సింబల్సే కదా. "మీ వల్ల కాదు టీచర్, అక్కడ నిలబడింది నేను" అన్నాను. ఆవిడ విననట్టే ఉంది.

ఆ తర్వాత గొడవ మొదలైంది. టీచర్ ఈల ఉంచాలంటుంది. "ఆ పాటలో ఉన్నదే అది. అది లేకపోతే ఏడు నిమిషాల గిటారు మూలుగు" అంది. దర్జీ తీసేయాలంటాడు. "తొమ్మిది నెలలుగా నా గొంతు మీద కూర్చుంది. వీడు కావాలని కూర్చోబెట్టాడని నోరు మూసుకున్నా" అన్నాడు. రెండు గంటలు అరుచుకున్నారు. మూడేళ్ళ ప్రశ్నలు ఒక్కసారే వచ్చాయి. మధ్యలో దర్జీ పైకెళ్ళి తడిగుడ్డతో గోడ మీది రాత తుడిచేశాడు. చివరికి ఇద్దరూ నావైపు తిరిగారు. నేను ఏ పక్షం చెప్పగలను? నాకు అది వినపడదు. ఉంచినా, తీసేసినా నాకు ఒకే పాట.

అందుకని ఒక్కటి మాత్రం తేల్చాను. మిక్సింగ్ కుర్చీ టీచర్‌కి ఇచ్చేశాను. శుక్రవారం మధ్యాహ్నం రెండింటికి ఆవిడ కూర్చుంటుంది. తొమ్మిది పాటలూ మొదటి నుంచి చూస్తుంది. మూడోదాంట్లో ఉంటే ఇంకెక్కడెక్కడ ఏమున్నాయో నాకు తెలియదు. డిస్కు కోసే ఆయన వచ్చే సోమవారం ఉదయం పదింటిదాకా ఆగుతానన్నాడు. టేపు డబ్బా వెనక్కి తెప్పించి దాని మీది నా సంతకం కొట్టేశాను.

పదకొండేళ్ళుగా నేను కూర్చున్న కుర్చీ అక్కా. ఈ రోజు దాని చక్రాలకి నూనె వేసి, ఆవిడ ఎత్తుకి సరిచేశాను.

గురువారం వస్తాను. పరీక్ష నువ్వే చేయాలి. శుక్రవారం నువ్వు రావాలి. టీచర్ పక్కన కూర్చోవాలి. సంగీతం తెలియదంటావు. తెలియనక్కరలేదు. తొమ్మిది నెలల్లో "ఎందుకు" అని అడిగింది నువ్వొక్కదానివే. నువ్వూ, కుక్కా.

తమ్ముడు

*

మార్చి 24, మంగళవారం

చిన్నా,

ఈ రోజు బావ డ్యూటీ మీ రూటులోనే. అందుకని ఈ ఉత్తరం పోస్టులో వేయకుండా ఆయన చేతికే ఇస్తున్నాను. దుకాణం ముందు బస్సు రెండు నిమిషాలు ఆపుతానన్నారు. కిందికి దిగి ముఖం చూపించు. ఆయనకి విషయమంతా చెప్పాను. "అయితే నా కాలు విరిగినందుకు వాడు మంచిది అనలేదన్నమాట" అన్నారు. రెండేళ్ళ తర్వాత ఆ కాలి మీద చేయి వేసుకుని నవ్వడం ఈ రోజే చూశాను. మాట్లాడేటప్పుడు ఆయన నీ కుడివైపు నిలబడతారు.

సొంతవాళ్ళకి పరీక్ష చేయవద్దని మా దగ్గర రాసి లేదు. నేనే చేస్తాను.

గురువారం ఉదయం తొమ్మిదిన్నర, బేస్‌మెంట్, ఆరో నంబరు గది. పద్నాలుగు గంటల ముందు నుంచి పెద్ద శబ్దం వినకూడదు. అంటే బుధవారం సాయంత్రం ఏడున్నర తర్వాత గిటారు ముట్టకు, మూడో పాట పెట్టకు. మందపాటి తలుపు వేశాక నువ్వు లోపల, నేను అద్దం ఇవతల. వినిపిస్తే బటన్ నొక్కు. వినిపించకపోతే ఊరుకో. చాలామంది వినిపించకపోయినా ఊహించి నొక్కుతారు. నువ్వు తప్పకుండా నొక్కుతావు, రెండేళ్ళుగా చేస్తున్నది అదే. నొక్కితే నాకు తెలిసిపోతుంది. నా ముఖం చూడకు, గోడ వైపు చూడు. కుడి చెవితో మొదలుపెడతాను.

శుక్రవారం సగం రోజు సెలవు పెట్టాను. రెండింటికి టీచర్ పక్కన ఉంటాను. ఈల ఉంచాలా తీయాలా అన్నది నేను చెప్పను. అది మీ ముగ్గురిది, ఒకరినొకరు అడుగుతూ తేల్చుకోండి. నేను చేయగలిగింది ఒక్కటే. నువ్వు నాకు ఎదురుగా కూర్చో. టీచర్ మూడో పాట పెడుతుంది. ఒక నిమిషం పది సెకన్ల దగ్గర నేను వేలు పైకెత్తుతాను. అది ఎంతసేపుంటే అంతసేపు ఎత్తే ఉంచుతాను. అది ఆగినప్పుడు దించుతాను.

అక్క